నాలుగు సున్నాల ముగ్గు

ఆదివారం. రాంనగర్ చేపల మార్కెట్ నుంచి
మా గల్లీ దాకా కొరమీను నీచు.
ఖుద్దూస్ భాయ్ చెప్పులు బయట విడిచి
నా కంప్యూటర్ ముందు కూర్చుని
"ఏమైందమ్మా దీనికి?" అన్నాడు,
జ్వరం చూసేవాడిలా మౌస్ మీద చెయ్యి వేసి.

దానికేం కాలేదు భాయ్.
పెళ్లి పత్రిక టైపు చేస్తూ
ఫాంటు కోసం ఒక సైటు తెరిస్తే
పొట్ట కరిగించే పొడి,
పక్కనుంచి జారి వచ్చి నవ్వే అమ్మాయి,
"మీరు గెలిచారు" అని గంట మోగించే ఎవడో.
ఏం గెలిచాను నేను?
పోయిన నెల కరెంటు బిల్లే కట్టలేదు.
ఏడో తరగతి పిల్ల వెనకే నిలబడి చూస్తోంది.
మూసే ఇంటూ గుర్తేమో ఆవగింజంత.
దాన్ని నొక్కితే
ఇంకో తలుపు తెరుచుకుంటుంది.

భాయ్ లోపలెక్కడో ఒక ఫైలు తెరిచాడు.
రంగుల్లేవు, బొమ్మల్లేవు,
కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలా ఉంది.
"ఎవడి ఇల్లు ఎక్కడ అని బయట అడగకముందే
మిషన్ మొదలు ఇది చూస్తదమ్మా.
వద్దన్నోడి పేరు రాయి. పేరుకు ముందు
సున్నా, చుక్క, సున్నా, చుక్క,
సున్నా, చుక్క, సున్నా.
అంతే. వాడింటికి తొవ్వ మర్చిపోతది."

నవ్వొచ్చింది.
చుక్క పెట్టి చుట్టూ తిప్పడం
అమ్మ వాకిట్లో నేర్పిన పనే.
ఆ ముగ్గు రమ్మనడానికి.
ఇది రావద్దనడానికి.

చాయ్ చల్లారేలోపు ఇరవై రెండు పేర్లు.
పొడివాడికి సున్నా చుట్టాను.
గంటవాడికి చుట్టాను.
చుడుతూ చుడుతూ ఒక చోట వేళ్లు ఆగాయి.

నేనెవర్ని?
పదకొండేళ్లుగా నా కూడు ప్రకటనలే.
"మోకాళ్ల నొప్పులా? ఒక్కసారి రండి"
"బోర్లు వేయబడును"
"లేడీస్ హాస్టల్, మూడు పూటలా భోజనం".
తెల్లవారుజామున పేపర్ల మధ్య దూరి
నా అక్షరాలు ఎన్ని గుమ్మాలు దాటాయో,
ఏ ఒక్కరైనా పిలిచారా?
"ఇచ్చట పోస్టర్లు అంటించరాదు"
మన స్కూలు గోడకు ఆ స్టెన్సిల్ కోసిచ్చింది నేను.
మర్నాడు దాని మీదే అంటించినదీ
నేను చేసిన పోస్టరే.
భాయ్‌కి చెబితే పడీ పడీ నవ్వాడు.
డబ్బులు తీసుకోలేదు,
రెండొందల విజిటింగ్ కార్డులు వేసిమ్మన్నాడు.

రాత్రి పదిన్నరకు ముషీరాబాద్ డిపో నుంచి ఐలేష్ వచ్చాడు.
టికెట్ల మిషన్ బరువుకు వంగిన భుజం
ఇంట్లోనూ వంగే ఉంటుంది.
అన్నం ముందు కూర్చోకుండా నా వెనక నిలబడ్డాడు.
తెర మీద, ప్రకటన ఉండాల్సిన చోట
పటం తీసేసిన గోడలాంటి తెల్లటి చదరం.

"రమ్మీ ఉన్నదా అందుల?"

ఏ రమ్మీ?

ఫ్యాను చప్పుడు.

"చిట్టి ఎత్తిన పైసలు అన్నకిచ్చిన అన్న గదా.
ఇయ్యలే."

అరవాలనుకున్నాను. పిల్ల పడుకుంది.
ఎంత అని అడగలేదు, ఎంతో నాకు తెలుసు,
చిట్టి పుస్తకంలో సంతకం నాదే.
ఆ ఫైలే మళ్లీ తెరిచాను.
నాలుగు సున్నాలు, మూడు చుక్కలు పెట్టి
పేరు చెప్పమన్నాను.
స్టాపులు పిలిచినట్టు ఒక్కో అక్షరం చెప్పాడు
చిన్న గొంతుతో.
ఒకటి తప్పు కొడితే
తనే సరిచేశాడు. అంత బాగా నోటికొచ్చు.

"మరి ఫోన్ల?"
టేబుల్ మీద ఫోను బోర్లించి పెట్టాడు.
నాకు రాదు. భాయ్‌ని అడుగుదాం.
"ఆదివారం దాంక నీ దగ్గర్నే పెట్టుకో."

పేరు కొట్టి చూశాను.
ఈ చిరునామా దొరకలేదు, అంది తెర.
కొంచెం సేపు ఇద్దరం చూస్తూ ఉన్నాం
లోపల ఎవరో ఉండి
గడియ తీస్తారేమో అన్నట్టు.

"సేవ్ చేసినవా?"
చేశా.
"ఇంకోసారి చెయ్."